ఖాళీ గడి

జ్ఞానాపురంలో మా బడి బల్లల మీద
పొద్దున్న తుడిచినా మధ్యాహ్నానికి
పోర్టు బొగ్గు ఒక పొర పరుస్తుంది.
ఇరవై రెండేళ్ళుగా అక్కడే లెక్కలు చెప్తున్నాను.
పిల్లలు ఆ పొర మీదే వేలితో పేర్లు రాసుకుంటారు.

ఏటా మార్చిలో ఆఫీసు నుంచి కాగితం వస్తుంది.
చివరి గడి: పదో తరగతి తర్వాత ఏమిటి?
టీ చల్లారేలోపు నేనే నింపేసేవాణ్ణి.
మార్కులొచ్చేవాళ్ళకి ఎంపీసీ,
లెక్కలంటే వణికేవాళ్ళకి సీఈసీ,
వెనక బెంచీకి, ఏమీ అడక్కుండా, ఐటీఐ.
ఆ మూడక్షరాలు నా నోట్లో బెత్తంలా ఉండేవి.
"కసాగు రాదు, గసాభా రాదు,
పోరా, ఐటీఐకి పోయి రేకులు కొట్టుకో."

అలా పొమ్మన్నవాళ్ళలో బోని తాతారావొకడు.
ఏ బ్యాచో గుర్తులేదు.
మొన్న ఆగస్టులో గుర్తు చేసుకోవలసి వచ్చింది.

మర్రిపాలెంలో మా అపార్టుమెంటు లిఫ్టు
మూడుకీ నాలుక్కీ మధ్య ఆగిపోయింది.
లోపల నేను, ఒక గ్యాసు బండ, దాన్ని తెచ్చిన కుర్రాడు.
కరెంటు లేదు, గాలి లేదు.
నాకు త్రికోణమితి మొత్తం తెలుసు.
తలుపు ఎటు జరుగుతుందో తెలీదు.

నలభై నిమిషాలకి పైనుంచి గొంతు:
"గుండీలేవీ నొక్కకండి. బ్రేకు చేత్తో వదుల్తన్నాను.
జానెడు జానెడు పైకొస్తాది."
"పైకా? కిందికి కదా జారాలి?"
"లోపల మీరు తేలిగ్గా ఉన్నారండి,
అవతల కట్టిన బరువెక్కువ. పైకే."

జానెడు జానెడు పైకొచ్చాం.
తలుపు చీలికలో ముందు గ్రీజు చెయ్యి,
తర్వాత మొహం. "సార్, మీరా?"

వాడి పేరు నేను అడగాల్సొచ్చింది.
నా పేరు వాడు ఇంటిపేరుతో చెప్పాడు.
టీ తాగమంటే ఎండాడలో ఇంకోటి ఆగిందన్నాడు.
సంచి సర్దుకుంటూ, కోపమేమీ లేకుండా,
"మీరు చెప్పిన నిష్పత్తులేనండి ఇవి.
ఐటీఐలో దాలినాయుడు మేస్టారు
తాడుకి కట్టి చూపించారు, అంతే."

ఆ 'అంతే' ఇంకా
మూడుకీ నాలుక్కీ మధ్యే వేలాడుతోంది.

ఈ ఏడు కాగితం పిల్లలకే ఇచ్చాను, రాసుకోండని.
ఒకడు 'పోలీసు' అని రాశాడు.
ఒకమ్మాయి 'నర్సు, సీటు రాకపోతే ల్యాబు'.
సింహాద్రి 'నాన్న ఏదంటే అది' అని రాసి కొట్టేశాడు.
కొట్టేసిన చోట ఇంకేమీ రాయలేదు.

గరికిన ఝాన్సీ గడి ఖాళీగా ఇచ్చింది.
బల్ల మీద మాత్రం, బొగ్గు పొరలో,
ఓడ అడుగు గీసింది
రేకుకీ రేకుకీ మధ్య అతుకులతో సహా.
"పిన్నికి క్యారేజీ ఇవ్వడానికెళ్ళి షిప్‌యార్డులో చూశాను సార్.
వెల్డింగు నేర్చుకుంటే కళ్ళు పోతాయా?
ఆడపిల్లల్ని తీసుకుంటారా?
ఏడాదా, రెండేళ్ళా?
ఆ తర్వాత డిప్లొమాకి దారుంటాదా, అక్కడితో ఆగిపోద్దా?"

నాలుగు ప్రశ్నలు.
ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.
ఇన్నేళ్ళూ పిల్లల్ని బస్సెక్కించిన ఊరు
నేనెన్నడూ చూడనే లేదు.

శనివారం కాన్వెంటు జంక్షన్లో పదకొండు మందిమి పోగయ్యాం.
రెండు ఆటోలు. కంచరపాలెం దాటి పాత ఐటీఐ.
గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు:
"చూడ్డానికొచ్చింది పిల్లలా, మీరా?"
అందరమూ అన్నాను.

షెడ్డులో కాలిన ఇనుము వాసన.
నల్లద్దం ఒకటే ఇచ్చారు, వంతులేసుకున్నారు.
ఝాన్సీ చాలాసేపు వదల్లేదు.
వదిలాక నా చేతిలో పెట్టి,
"ఉత్త కళ్ళతో చూడకూడదంట సార్" అంది.

అద్దంలో ముందు ఏమీ లేదు.
తర్వాత ఆకుపచ్చ చీకట్లో ఒక చుక్క,
నత్తలా నడుస్తూ,
రెండు అంచుల్ని కలుపుకుంటూ పోతోంది.

సోమవారం ఆఫీసు నుంచి ఫోను.
మీ బడి కాగితంలో ఒక గడి ఖాళీగా ఉందేమిటని.
"ఇంకా చూస్తోందండీ" అన్నాను.